చెమ్మలో అందుకోని పాత పికప్: ఆరబెట్టడం మేలా, భాగాలు మార్చడం మేలా?

ముసురు పట్టిన ఉదయం సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా అందుకోని పాత పెట్రోలు పికప్, ఎండ కాశాక ఏమీ ఎరగనట్టు మొదటి తిప్పుకే స్టార్ట్ అయితే, ముందుగా అనుమానించవలసింది ఇగ్నిషన్‌లోని (ఇంధనాన్ని నిప్పురవ్వతో మండించే వ్యవస్థలోని) హై టెన్షన్ భాగాలను, అంటే ఎక్కువ వోల్టేజిని పుట్టించే కాయిల్, దాన్ని ఒక్కో ప్లగ్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది మూత (క్యాప్), దాని లోపల తిరిగే రోటర్, ప్లగ్ వైర్లను. సెల్ఫే నీరసంగా తిరుగుతుంటే అది బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్తు వైరు సంగతి. డీజిల్ బండిలో స్పార్కే ఉండదు కనుక ఈ చర్చ దానికి వర్తించదు.

కాయిల్ నుంచి ప్లగ్‌కు వెళ్లే కరెంటు వేల వోల్టులలో ఉంటుంది. అవసరాన్ని బట్టి 20,000 దాటడం కూడా మామూలే. అంత ఒత్తిడితో వచ్చే కరెంటుకు ప్లగ్ కొన దగ్గరి ఖాళీని దూకడం కంటే సులువైన దారి దొరికితే అది అటే పోతుంది. స్వచ్ఛమైన నీటి గుండా కరెంటు అంతగా పారదు. అయితే వైర్ల మీద ఏళ్ల తరబడి పేరుకున్న మురికి చెమ్మతో కలిసినప్పుడు ఆ పొరే దారి అవుతుంది. పైగా స్టార్టర్ మోటార్ తిరిగే సమయంలో బ్యాటరీ వోల్టేజి 12 నుంచి 10 దగ్గరికి దిగిపోతుంది కనుక, స్పార్కు అవసరం ఎక్కువగా ఉన్న ఆ క్షణంలోనే కాయిల్ బలం తగ్గుతుంది. ఒకసారి అందుకున్న ఇంజిన్ రోజంతా సతాయించకపోవడానికి కారణం, దాని వేడికి ఆ చెమ్మ ఆరిపోవడమే.

మొదటి మార్గం ఆరబెట్టడం. తాళం ఆపి, క్యాప్ విప్పి, లోపలా బయటా పొడిగుడ్డతో తుడిచి, వైర్ల పొడవునా చెమ్మ తీసి, నీటిని తొలగించే స్ప్రే పలుచగా కొట్టడంతో చాలా బండ్లు ఆ పూటకు అందుకుంటాయి. ఆ స్ప్రేలలో చాలావరకు మండే గుణం కలవి. క్యాప్ లోపల కొట్టిన వెంటనే మూసి సెల్ఫ్ కొడితే, రోటర్ దగ్గరి నిప్పురవ్వకు ఆ ఆవిరి అంటుకోవచ్చు కనుక, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఈ మార్గంలో ఖర్చు దాదాపు లేదు, కానీ మళ్లీ చెమ్మ తగిలితే కథ మొదటికొస్తుంది. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. క్యాప్ లోపలి గోడ మీద పెన్సిలు గీతలా సన్నని నల్లచార కనిపిస్తే అది కరెంటు కారి కారి ఏర్పడిన బొగ్గుదారి. ఎంత తుడిచినా, ఎండబెట్టినా అది పూర్తిగా పోదు.

రెండవ మార్గం క్యాప్, రోటర్, వైర్లను ఒకేసారి మార్చడం. కొత్త క్యాప్‌కు పాత వైర్లు తగిలించి పొదుపు చేశామనుకోవడం నా దృష్టిలో పొరపాటు, ఎందుకంటే కరెంటు కారడం ఆగదు, కేవలం చోటు మారుతుంది. వైర్లను ఒక్కొక్కటిగా విప్పి, ఆ స్థానంలోనే కొత్తది పెట్టుకుంటూ పోతే ఫైరింగ్ క్రమం (ప్లగ్‌లకు స్పార్కు అందే వరుస) తారుమారు కాదు. రబ్బరు మూతుల లోపల కొద్దిగా సిలికాన్ గ్రీజు రాస్తే చెమ్మ చొరబడదు. కాయిల్‌ను మాత్రం దాని మూతి దగ్గర పగులో, కాలిన గుర్తో కనిపిస్తేనే మార్చాలి.

ఏది చేయాలో తేల్చేది చీకట్లో చేసే ఒక చిన్న పరీక్ష. నడుస్తున్న ఇంజిన్ వైర్ల మీద, ఫ్యానుకూ వైర్లకూ చేతులు దూరంగా ఉంచి, సన్నని నీటితుంపర చల్లితే కరెంటు కారే చోట నీలి మిణుకులు కనిపిస్తాయి, ఇంజిన్ కూడా తడబడుతుంది. మిణుకులు కనిపించినా, క్యాప్‌లో నల్లచారో పగులో ఉన్నా మార్చడమే మేలు. ఏమీ కనిపించక, బండి చాలాకాలం కదలకుండా నిలిచినప్పుడు మాత్రమే మొరాయిస్తుంటే ఆరబెట్టి వాడుకోవచ్చు. అప్పుడు కూడా క్యాప్ గాలిరంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి, ఎందుకంటే లోపలి ఆవిరి బయటికి పోయే దారి అదే.

ఈ రెండూ కాదని పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి స్పార్కు పుట్టించే, డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న స్విచ్) తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకునేవారున్నారు. పాయింట్లు అరగడమనే బాధ దానితో తీరుతుంది. అయితే పాత క్యాప్, పాత వైర్లు అలాగే ఉంటే ముసురులో బండి మునుపటిలాగే మొరాయిస్తుంది.