మూడేళ్ళుగా టైనీ కోర్: పీజీ కౌంటరు మీద ఒక బూట్ లైను కథ

బెంగళూరు మారతహళ్ళిలో మా బాబాయి పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతాడు. మూడంతస్తులు, నలభై రెండు మంచాలు. ఉండే పిల్లల్లో సగానికి పైగా నెల్లూరు, ఒంగోలు, కడప వైపు వాళ్ళే. అందులో ఒకడు ఖాళీ చేసి పోతూ పాత నెట్‌బుక్ ఒకటి వదిలేసి పోయాడు. పది అంగుళాల తెర, ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. హార్డ్ డిస్కు చచ్చింది, బ్యాటరీ అంతకు ముందే చచ్చింది. "అబ్బయ్యా, పారేయాలంటే మనసు రావట్లా. అద్దెలు, అడ్వాన్సులు రాసుకునేదానికి పనికొచ్చేటట్టు చెయ్" అన్నాడు బాబాయి. ఎస్పీ రోడ్డుకు పోయి 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని, దాని మీద టైనీ కోర్ లైనక్స్ అనే బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. మూడేళ్ళు దాటింది. ఆ పెన్‌డ్రైవే ఇప్పటికీ ఆ మిషన్‌ను నడుపుతోంది.

టైనీ కోర్‌ను మొదలుపెట్టింది రాబర్ట్ షింగిల్‌డెకర్. అంతకు ముందు ఆయన డ్యామ్ స్మాల్ లైనక్స్ అనే ఇలాంటిదే మరో చిన్న సిస్టమ్ మీద పనిచేశారు. దీని మొదటి వెర్షన్ 2009లో వచ్చింది. డెస్క్‌టాప్‌తో కలిపి డౌన్‌లోడ్ ఇరవై చిల్లర ఎంబీ, పెళ్ళి వీడియో ముక్క ఒకటి వాట్సాప్‌లో వచ్చినంత. 46 ఎంబీ ర్యామ్ ఉంటే లేస్తుందని వాళ్ళే చెబుతారు. కానీ నేనిక్కడ రాయదలచింది సైజు గురించి కాదు. ఇది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. ఆపి మళ్ళీ పెడితే రోజూ పొద్దున కడిగిన వాకిలిలా కొత్తగా వస్తుంది. నిన్నటి ముగ్గు ఉండదు. నిన్నటిది గుర్తుండాలంటే రెండే దారులు: ఆపేముందు తీసుకునే బ్యాకప్ మూట, బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాముకు) అందించే ఒక్క లైను, అదే బూట్ లైను. ఏది మూటలో పెట్టాలి, ఏది లైనులో రాయాలి అన్నది తేల్చుకోవడానికే నాకు మొదటి ఏడాది పట్టింది.

మొదటి వారంలోనే దెబ్బ తగిలింది. మిషన్ లేస్తుంది, నీలం తెర వస్తుంది, కింద ఐకాన్లు ఒక్కటీ ఉండవు. స్ప్రెడ్‌షీట్ లేదు, వైఫై లేదు. రెండోసారి ఆన్ చేస్తే అన్నీ ఉంటాయి. మూడోసారి మళ్ళీ లేవు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని ఎస్పీ రోడ్డు కొట్టువాడిని మనసులో నాలుగు తిట్టుకున్నాను. పాపం, వాడి తప్పేం లేదు. అప్లికేషన్లన్నీ పెన్‌డ్రైవ్ మీద టీసీఈ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. కెర్నల్ లేచి ఆ ఫోల్డర్ కోసం చూసే సమయానికి ఈ పాత యూఎస్‌బీ పోర్టు ఇంకా ఒళ్ళు విరుచుకుంటూ ఉంటుంది. కనపడకపోతే అది గొడవ చేయదు, లేదనుకుని ఊరికే ముందుకు పోతుంది. దీనికి మందు బూట్ లైనులో వెయిట్‌యూఎస్‌బీ=5 అన్న మాట. ఐదు సెకన్లు ఆగి చూడమని. ఐదు అంకె పక్కన కోలన్ పెట్టి పెన్‌డ్రైవ్ యూయూఐడీ (ఆ డ్రైవ్‌కు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) కూడా రాస్తే, డ్రైవ్ కనపడగానే ఆగడం మానేసి కదులుతుంది. మన మిషన్‌కు పది పెట్టాను, నిజంగా ఆగేది మూడు నాలుగు సెకన్లే.

యూయూఐడీ ఎందుకంటే, పీజీ పిల్లలు ప్రింటు కోసమనో పాటల కోసమనో తమ పెన్‌డ్రైవ్‌లు ఇదే మిషన్‌కు తగిలిస్తుంటారు. రెండు డ్రైవ్‌లు ఉంటే లైనక్స్ వాటికి పెట్టే ఎస్‌డీఏ1, ఎస్‌డీబీ1 అన్న పేర్లలో ఏది దేనిదో మారిపోతుంది. టీసీఈ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పడానికి లైనులో టీసీఈ=ఎస్‌డీఏ1 అని రాసుకున్నవాడు అప్పుడు తల పట్టుకుంటాడు. బీఎల్‌కేఐడీ కమాండ్ కొడితే యూయూఐడీ చూపిస్తుంది, దాన్ని టీసీఈ= తరవాత పెడితే ఎన్ని డ్రైవ్‌లు తగిలించినా దారి తప్పదు.

ఇదంతా రాసేది ఎక్స్‌ట్‌లైనక్స్ అనే బూట్‌లోడర్ (మిషన్ ఆన్ కాగానే కెర్నల్‌ను లేపే చిన్న ప్రోగ్రాము) కాన్ఫిగ్ ఫైల్‌లో, ఎపెండ్ అని మొదలయ్యే లైనులో. అక్కడ నేను చేసిన వెర్రి పని ఒకటి ఉంది. లైను పొడవైపోయిందని, చదవడానికి వీలుగా ఉంటుందని మధ్యలో ఎంటర్ కొట్టి రెండు లైన్లు చేశాను. బూట్‌లోడర్ మొదటి లైనే తీసుకుంది. రెండో లైను చూసి తెలియని మాటేదో ఉందని తెర మీద క్షణం సేపు గొణిగి, ముందుకు పోయింది. ఆ గొణుగుడు నేను చూడలేదు, టీ తెచ్చుకోవడానికి పోయాను. రాత్రి పదకొండు దాకా అదే వెతుకులాట. ఎంత పొడవైనా అది ఒకే లైను. మామూలు కంప్యూటర్లలో కెర్నల్ 2048 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది, చోటుకేం కరువు లేదు. మార్చేముందు ఫైల్ నకలు ఒకటి పక్కన పెట్టుకోండి.

ఇక కరెంటు సంగతి. మారతహళ్ళిలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పీజీకి ఇన్వర్టర్ ఉంది గానీ ఫ్యాన్లకూ లైట్లకే. బ్యాటరీ లేని మిషన్ కాబట్టి కరెంటు పోయిన క్షణమే ప్రాణం పోతుంది. టైనీ కోర్‌లో హోమ్ ఫోల్డర్ కూడా మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపేటప్పుడు బ్యాకప్ ఎంచుకుంటే మైడేటా అనే మూటలోకి పోతుంది. ఒక ఒకటో తేదీన బాబాయి పొద్దున్నించి పంతొమ్మిది మంది అద్దెలు రాశాడు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. నాకు ఫోను. "యాడికి పోయినాయిరా లెక్కలు?" ఎక్కడికీ పోలేదు బాబాయ్, అసలు ఎక్కడా లేవు, అని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ రాత్రి పంతొమ్మిది గదుల తలుపులు కొట్టి ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు చూసి మళ్ళీ రాశాం.

మర్నాడే పెన్‌డ్రైవ్‌లో రెండో పార్టిషన్ (విడి భాగం) చేసి, బూట్ లైనులో హోమ్= అని దాన్ని చూపించాను. ఇప్పుడు సేవ్ కొట్టిన ప్రతిదీ నేరుగా పెన్‌డ్రైవ్ మీదే పడుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. బ్యాకప్‌లోకి ఏమేం పోవాలో చెప్పే ఫైల్‌టూల్ జాబితాలోంచి హోమ్ అన్న మాట తీసేయాలి. తీయకపోతే మూట ఉబ్బిపోతుంది, పైగా తరవాతి బూట్‌లో మూటలోని పాత ఫైలు కొత్త ఫైలు మీద పడే ప్రమాదం ఉంటుంది. మిగిలిన చిన్నా చితకా మార్పుల కోసం లైనులో క్రాన్ (పెట్టిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాము) అన్న మాట చేర్చి, రాత్రి పదకొండుకు బ్యాకప్ తనంతట తానే జరిగేలా పెట్టాను. అప్పటి నుంచి ఒక్క అద్దె కూడా పోలేదు.

గడియారం గురించి చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది. బూట్ లైనులో టైమ్‌జోన్ చెప్పే టీజడ్= అన్నచోట మనకు ఐదున్నర గంటలు ముందు కదా అని ఐఎస్‌టీ+5:30 రాశాను. పొద్దున తొమ్మిదికి ఆన్ చేస్తే ముందు రోజు రాత్రి పది చూపించింది. ఈ పద్ధతిలో గుర్తు తిరగేసి ఉంటుంది, గ్రీన్‌విచ్‌కు తూర్పున ఉన్నవాళ్ళు మైనస్ పెట్టాలి. ఐఎస్‌టీ-5:30. నేను పట్టుకునేలోపు ఒకటో తేదీ పొద్దున్నే కట్టినవాళ్ళ అద్దెలు ముప్పై ఒకటో తేదీన కట్టినట్టు రెండు నెలలు పడ్డాయి. బాబాయి మాత్రం సంతోషించాడు, పిల్లలు బుద్ధిగా ముందే కడుతున్నారని. పక్కనే విండోస్ కూడా ఉండి, గడియారం మన సమయంలోనే నడుస్తుంటే నోయూటీసీ అని కూడా రాయాలి. మాకు ఆ అవసరం రాలేదు.

ఏదైనా చెడితే నేను మొదట చేసేది బూట్ ప్రాంప్ట్ దగ్గర ఆగి, బేస్, నోరెస్టోర్ అన్న రెండు మాటలు చేర్చి లేపడం. అప్లికేషన్లూ రావు, మూటా విప్పదు. అప్పటికీ లేవకపోతే పెన్‌డ్రైవో మిషనో చూసుకోవాలి. చక్కగా లేస్తే తప్పు మన మూటలోనే ఉంది. అలా లేపినప్పుడు ఆపేముందు బ్యాకప్ వద్దు అని తప్పనిసరిగా ఎంచుకుంటాను, ఖాళీ మూట మంచి మూట మీద పడకుండా. మామూలు రోజుల్లో సేఫ్ బ్యాకప్ మేలు, పాత మూటను పక్కన ఉంచుతుంది. డెస్క్‌టాప్ మాత్రమే చెడితే, అది లేకుండా ఉత్త అక్షరాల తెరతో లేపే టెక్స్ట్ అన్న మాట చాలు.

వేగం కోసం మిటిగేషన్స్=ఆఫ్ (ప్రాసెసర్ లోపాలకు కెర్నల్ పెట్టే కాపలాను తీసేసే మాట) పెట్టమని చాలామంది చెబుతారు. ఈ పాత ఆటమ్‌లకు మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ఆ జబ్బులే లేవు, కాబట్టి ఆ మాటతో ఒరిగేదేమీ లేదు. పెట్టి చూశాను, తీసేశాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. దీంతో వచ్చే చిన్న గ్రాఫిక్స్ సర్వర్ ఈ తెర సైజును పట్టలేదు, అక్షరాలన్నీ సాగదీసినట్టు కనపడ్డాయి. ఎక్స్‌ఆర్గ్ అనే పెద్ద సర్వర్ వేసుకుంటే గానీ బాగుపడలేదు. తెలుగు కోసం ఫాంటు నేనే తెచ్చి పెట్టాను. గెట్‌లోకేల్‌తో లోకేల్ (భాష సెట్టింగు) తయారుచేసి, బూట్ లైనులో లాంగ్= అని రాసేదాకా కొన్నిచోట్ల తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగానే వచ్చాయి. బ్రౌజర్ అయితే ఆశే పెట్టుకోవద్దు. ఈ ప్రాసెసర్ మీద ఇప్పటి వెబ్‌సైట్లు తెరవడం ఎద్దుల బండిని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించడమే. ఆ పని బాబాయి ఫోనులో చేసుకుంటాడు.

లైను మొత్తాన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నెట్‌బుక్ మూత లోపల సెల్లోటేపుతో అంటించాను. ఐఎస్‌టీ పక్కన మైనస్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అదే లైనుతో తయారుచేసిన రెండో పెన్‌డ్రైవ్ గల్లాపెట్టెలో తాళాల గుత్తి పక్కన ఉంటుంది. ఇప్పుడు బాబాయికి అద్దె రసీదులు ప్రింటు కావాలట. ప్రింటర్ ఇంకా పలకట్లేదు, వచ్చే ఆదివారం మళ్ళీ పోవాలి.