డబ్బు ఒక్కచోటికే సరిపోతే: యుద్ధం తర్వాత విశ్వవిద్యాలయానికి ఏ దారి మేలు?

కాంబోడియాలో 1979 జనవరిలో నియంత పోల్ పాట్ ప్రభుత్వం కూలేనాటికి రాజధాని నాంపెన్‌లో కాలేజీ భవనాలు నిలిచే ఉన్నాయి. వాటిలో పాఠం చెప్పేవాళ్లే లేరు. అంతకు ముందు దాదాపు నాలుగేళ్లపాటు ఉన్నత విద్య పూర్తిగా మూతపడింది. చదువుకున్నవాడన్న అనుమానం వస్తే చాలు, ప్రాణం పోయేది. కొత్త ప్రభుత్వం బళ్లు తెరుస్తూ ఒక సూత్రం పెట్టుకుంది: ఎక్కువ తెలిసినవాళ్లు కొంచెం తెలిసినవాళ్లకు చెప్పాలి, కొంచెం తెలిసినవాళ్లు ఏమీ తెలియనివాళ్లకు చెప్పాలి. అక్షరాలు దిద్దించడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. ఆపరేషన్ చేయడం, వంతెన కట్టడం ఇలా నేర్పలేం.

యుద్ధం నుంచి తేరుకుంటున్న పేద దేశాలన్నిటికీ చిక్కు ఇక్కడే వస్తుంది. ఉన్న డబ్బు తక్కువ. సాయం చేసేవాళ్లకేమో ఫొటోలో కనబడేది కావాలి కాబట్టి కొత్త బ్లాకు, కంప్యూటర్ ల్యాబు ముందు వరసలోకి వస్తాయి. వాటి సంగతి అలా ఉంచి, మనుషుల్ని తయారుచేసుకునే దారుల్నే చూద్దాం. నేను అన్నిటికీ ఒకటే ప్రశ్న వేస్తాను: పదేళ్ల తర్వాత అదే దేశంలో బోర్డు ముందు ఎవరు నిలబడి ఉంటారు?

అందరికీ ముందు తోచేది పిల్లల్ని విదేశాలకు పంపడం. 1980ల్లో కాంబోడియా విద్యార్థులు సోవియట్ యూనియన్‌కు, తూర్పు జర్మనీకి, వియత్నాంకు స్కాలర్‌షిప్‌ల మీద వెళ్లారు. మంచి చదువే దొరికింది. కానీ 1990లో తూర్పు జర్మనీ, 1991లో సోవియట్ యూనియన్ మ్యాపులోంచే పోయాయి. ఆదుకునే దేశం మారితే చదువు భాష కూడా మారుతుంది. నాంపెన్‌లోని టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో 1980ల్లో పాఠాలు రష్యన్‌లో నడిచాయి, 1990ల్లో ఫ్రాన్స్ సాయం రాగానే ఫ్రెంచ్‌లోకి మారాయి. అన్న చదివిన రష్యన్ పుస్తకాలు అదే సంస్థలో చేరిన తమ్ముడికి పనికిరావన్నమాట. 1990ల మధ్యలో అక్కడి విద్యార్థులు మాకు ఇంగ్లీషు కావాలని రోడ్డెక్కారు. వాళ్ల మీద నాకు జాలే తప్ప కోపం రాదు.

పంపినవాళ్లు తిరిగి రారన్న భయం ఎలాగూ ఉంది. బాండు రాయించుకుంటారు సరే, తిరిగొచ్చినవాడికి ఇచ్చే జీతం ఇల్లు గడవడానికి చాలకపోతే బాండు కాగితం ఎంతకాలం ఆపుతుంది?

రెండోది, విదేశీ విశ్వవిద్యాలయాన్నే ఇంటికి పిలవడం. రువాండా ఆ పని చేసింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంతో 2011లో ఒప్పందం చేసుకుంటే, రాజధాని కిగాలీలో ఇంజినీరింగ్ మాస్టర్స్ కోర్సులు మొదలయ్యాయి. డిగ్రీ అమెరికాదే. 2022లో మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ దీనికి 27.5 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించింది. చదువు నాణ్యతకు వంక పెట్టలేం. అయితే సీట్లు కొద్ది, పైగా మాస్టర్స్ మాత్రమే. జిల్లా కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ చెప్పేవాడు అక్కడ తయారుకాడు. పై అంతస్తుకు ఇది మంచి అలంకారం. పునాదికి వెతుక్కోవాల్సింది వేరే.

మూడోది ప్రైవేటుకు తలుపు తీయడం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పైపైన చూస్తే అన్నిటికంటే చవగ్గా కనబడేది ఇదే. కాంబోడియాలో మొదటి ప్రైవేటు విశ్వవిద్యాలయం, నార్టన్, 1997లో వచ్చింది. ఆ తర్వాత ఉన్నత విద్యా సంస్థల సంఖ్య వంద దాటింది. వీటిని తూకం వేసే అక్రెడిటేషన్ కమిటీ 2003లో గానీ పుట్టలేదు. ఆరేళ్లు కొట్లు తెరిచాక తూనికరాళ్లు తెచ్చారు. ప్రభుత్వం మీద భారం పడకుండా వేలమందికి సీట్లు దొరికిన మాట నిజమే. ఏ సీట్లు అని అడగాలి. అకౌంటింగ్, మేనేజ్‌మెంట్, ఇంగ్లీషుకు ఒక గది, ఒక బోర్డు ఉంటే సరిపోతుంది. ఫిజిక్స్‌కు, వ్యవసాయానికి ల్యాబులు, పొలాలు కావాలి కాబట్టి ఫీజుతో నడిచే సంస్థ అటువైపు తొంగిచూడదు. ఇక పాఠం చెప్పేవాళ్లు? అదే ప్రభుత్వ లెక్చరరు పొద్దున సొంత కాలేజీలో, సాయంత్రం ఒక ప్రైవేటు కాలేజీలో, శని ఆదివారాలు ఇంకోచోట. ఆయన చేతిలో ఎప్పటివో నోట్సు, అంచులు నలిగిన కాగితాలు. పిల్లలు అవే రాసుకుంటారు, పరీక్షలో అవే అప్పజెబుతారు. కొత్త పుస్తకం చదవడానికి ఆయనకు గంట దొరకాలి కదా. సీట్లు పదింతలైనా లెక్చరర్లు మాత్రం ఆ పాతవాళ్లే.

వచ్చే విద్యార్థి సంగతీ ఉంది. 2014లో కాంబోడియా విద్యామంత్రి పన్నెండో తరగతి పరీక్షలో కాపీలు ఆపించాడు. అంతకు ముందు ఏడాది 80 శాతం దాటిన ఉత్తీర్ణత 26 శాతానికి పడిపోయింది. రెండు అంతర్యుద్ధాలు చూసిన లైబీరియాలో 2013 విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష రాసిన దాదాపు 25,000 మందిలో ఒక్కరూ పాసవలేదు. పైన ఎన్ని సీట్లు పెంచినా కింద బడికి మేస్టారు లేకపోతే ఇంతే.

నాలుగో దారి, ఉన్న లెక్చరర్లకే ఉద్యోగంలో ఉండగా పీహెచ్‌డీ చేయించడం. దీనికి పేరు పెద్దగా లేదు, ప్రచారం అసలే లేదు. 1994లో టుట్సీల మీద హుటూ తీవ్రవాదులు సాగించిన మారణకాండలో బుటారేలోని రువాండా జాతీయ విశ్వవిద్యాలయం అధ్యాపకుల్నీ విద్యార్థుల్నీ పోగొట్టుకుంది. చంపినవాళ్లలోనూ ఆ ఆవరణవాళ్లు ఉన్నారు. 1995లో మళ్లీ తెరిచారు. విద్యార్థుల్లో ఉగాండాలో పెరిగి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు వచ్చు, బురుండీ నుంచి వచ్చినవాళ్లకు ఫ్రెంచ్ వచ్చు. ముందు భాష నేర్చుకుంటే గానీ పాఠాలు సాగేవి కావు. 2000ల తొలి ఏళ్లలో స్వీడన్ సాయంతో అక్కడి లెక్చరర్లకు ఒక ఏర్పాటు జరిగింది: పీహెచ్‌డీకి కొన్ని నెలలు స్వీడన్‌లో, మిగతా కాలం సొంత విశ్వవిద్యాలయంలో. గైడు అక్కడొకరు, ఇక్కడొకరు. పరిశోధన విషయం మాత్రం రువాండాదే. ఉద్యోగం పోదు, ఇల్లు చెదరదు, తిరిగి రావడమన్న ప్రశ్న పెద్దగా లేవదు. మొజాంబిక్‌లోని ఎడువార్డో మోండ్లానే విశ్వవిద్యాలయానికీ స్వీడన్ దశాబ్దాలుగా ఇలాంటి సాయమే చేసింది.

నా ఓటు దీనికే. నెమ్మదిగా సాగుతుంది, ఒక్కో పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. అందాకా తరగతులు ఆగవు కాబట్టి బయటి దేశాల లెక్చరర్లను కాంట్రాక్టు మీద తెచ్చుకోక తప్పదు. తెచ్చుకోవచ్చు, కానీ ప్రతి ఒక్కరి పక్కన ఒక స్థానిక అసిస్టెంటును కూర్చోబెట్టాలి. లేకపోతే కాంట్రాక్టు అయ్యాక ఆయనతోపాటే సబ్జెక్టూ విమానం ఎక్కేస్తుంది.

సీటు ఎవరికి ఇస్తారన్నది ఏ దారికైనా వర్తిస్తుంది. 1994కు ముందు రువాండాలో జాతి కోటాలతో చదువు పంచారు. ఆ కోటాలు రగిల్చిన కసి తర్వాతి గొడవలకు ఒక కారణం. ఫీజు కట్టగలిగినవాళ్లకే చదువైతే అదే కసి ఇంకో పేరుతో తిరిగొస్తుంది. ప్రైవేటు దారి మీద నాకున్న అసలు అనుమానం అది.

నాలుగో దారి పట్టేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పీహెచ్‌డీ చేసి వచ్చిన లెక్చరరుకు వారానికి ఇరవై అయిదు గంటలు పాఠాలు అంటగట్టి, జీతం పాతదే ఇస్తే, ఏడాది తిరిగేసరికి ఆయన కూడా సాయంత్రం కాలేజీలోనే కనబడతాడు.