సెయింట్ జాన్స్, ఆంటిగ్వా: ఓడ దిగాక గేటు దగ్గరే ఆగిపోకండి (మూడేళ్లు కాపురం ఉండి, మళ్లీ రెండుసార్లు ఓడ మీద వెళ్లి రాస్తున్నాను)

క్రూజ్ బుక్ చేసుకున్న మనవాళ్లు ఫోన్ చేసి నన్ను అడిగేది ఒకటే. "ఆంటిగ్వాలో ఓడ పొద్దున ఎనిమిదికి ఆగి సాయంత్రం అయిదుకు కదులుతుందట, ఊళ్లో చూడ్డానికి ఏమైనా ఉందా, లేక టాక్సీ మాట్లాడుకుని బీచ్‌కి పోవడమేనా?" మా ఆయన ఉద్యోగం వల్ల 2016 ఆగస్టు నుంచి 2019 చివరిదాకా మేం ఈ కరీబియన్ దీవి రాజధాని సెయింట్ జాన్స్‌లోనే ఉన్నాం. తర్వాత రెండుసార్లు అందరిలాగే ఓడ మీద వెళ్లాను, రెండోసారి అత్తయ్యగారూ మామయ్యగారూ కూడా వచ్చారు. కాబట్టి అక్కడ ఉప్పూ పప్పూ కొనుక్కుని బతికినదానిగానూ చెప్పగలను, చేతిలో ఏడెనిమిది గంటలు మాత్రమే ఉన్నదానిగానూ చెప్పగలను. నా మాట ఏంటంటే, బీచ్ ఆ చుట్టుపక్కల ఏ దీవిలోనైనా దొరుకుతుంది, ఇక్కడ ఊరు చూడండి. శుక్రవారం, శనివారం అయితే 5కి 4.5 ఇస్తాను, మామూలు రోజున 4. ఆదివారం ఓడ ఆగితే 2 కూడా ఇవ్వను, ఎందుకంటే ఆ రోజు ఊరంతా తలుపులు వేసుకుని చర్చికి వెళ్లిపోతుంది, బస్సులు కూడా సరిగ్గా ఉండవు.

ఓడ దిగగానే కాళ్ల ముందే ఉండేది హెరిటేజ్ కీ (కీ అంటే ఓడలు ఆగే రేవు గట్టు). వాచీలు, వజ్రాలు, మందు సీసాలు, టీషర్టులు, అన్నీ డ్యూటీ ఫ్రీ. పక్కనే రెడ్‌క్లిఫ్ కీ, రంగులేసిన పాత కట్టడాలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని అమ్మేముందు నిలిపి ఉంచింది అక్కడేనని ఊళ్లోవాళ్లు చెబుతారు, ఇప్పుడక్కడ కాఫీ తాగుతూ ఫొటోలు దిగేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలీదు. ఈ రెండూ చూసి "ఏముందండీ ఇక్కడ" అని ఓడెక్కేసినవాళ్లని ఎంతమందిని చూశానో, ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. పది నిమిషాల నడక దూరంలో అసలు ఊరు ఉంది మరి.

దారి చాలా తేలిక. సముద్రానికి వీపు పెట్టి నేరుగా పైకి నడిస్తే మార్కెట్ స్ట్రీట్ తగులుతుంది, అక్కడ కుడివైపు తిరిగి దక్షిణంగా చివరిదాకా పోతే పబ్లిక్ మార్కెట్. నాలుగు వీధులు దాటేసరికి నగల కొట్లు పోయి బట్టల తానులు, స్కూల్ యూనిఫాంలు, ఫోన్ రిపేర్లు, ఇనుప సామాన్ల కొట్లు వస్తాయి, జనం మీ వంక చూడ్డం మానేసి వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటారు. అక్కడినుంచే ఊరు మొదలైందని లెక్క. కాలిబాటలు మాత్రం బాగోవు, పక్కన మూతల్లేని కాలవలు ఉంటాయి. పిల్లల బండితోనో చక్రాల కుర్చీతోనో వెళ్లేవాళ్లకి చాలా కష్టం, అది ముందే చెప్పేస్తున్నా.

ఏ కొట్లో అడుగుపెట్టినా, బస్సెక్కినా ముందు "గుడ్ మార్నింగ్" అనాలి. అనకుండా నేరుగా "ఇదెంత" అని అడిగితే అక్కడ పెద్ద అమర్యాద. మొదటి నెలంతా జనం నాతో ముభావంగా ఎందుకుంటున్నారో అర్థంకాక బాధపడేదాన్ని, చివరికి బస్సులో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "అమ్మాయ్, ముందు పలకరించు" అని చెప్పింది. అప్పటినుంచి ఊరు ఊరంతా మారిపోయినట్టే అనిపించింది.

మార్కెట్‌కి శుక్ర, శనివారాల్లో పొద్దున్నే వెళ్లాలి, తొమ్మిదిలోపు అయితే ఇంకా మంచిది. చిలగడదుంపలు, కర్రపెండలం, చేమదుంపలు, బ్రెడ్‌ఫ్రూట్, బెండకాయలు, చింతపండు ఉండలు, కాలాన్నిబట్టి మామిడిపళ్లు, సీతాఫలాలు. అవును, మన సీతాఫలమే, వాళ్లు షుగర్ ఆపిల్ అంటారు. అయితే నాకు ఆ మార్కెట్‌ని సొంతం చేసింది వేరే ఒకటి. మొదటి డిసెంబరులో ఒక బల్ల మీద ముదురెరుపు కాయలు కుప్పగా పోసి ఉన్నాయి. సారెల్ అంటారు వాటిని, క్రిస్మస్‌కి అల్లం, లవంగం, దాల్చినచెక్క వేసి మరిగించి షర్బత్ చేసుకుంటారు. ఒకటి చేతిలోకి తీసుకుని ఎర్ర రేకు చించి నోట్లో వేసుకున్నాను. ఆ పులుపు నాలుకకి తగలగానే తెలిసిపోయింది, ఇది గోంగూర. మా తెనాలిలో పెరట్లో గోంగూర ముదిరి పూతకొచ్చాక కాసే కాయలే ఇవి, కాకపోతే వీళ్లవి బాగా కండపట్టి ఉన్నాయి. "ఆకులున్నాయా?" అని అడిగితే అమ్మే ఆవిడ వింతగా చూసింది, ఆకులెవరు తింటారు, అవి పొలంలోనే వదిలేస్తాం అంది. తింటాం అని చెప్పి ఎలా చేస్తామో కూడా వివరించాను. తర్వాతి శనివారం వెళ్లేసరికి బల్ల కింద నుంచి ఒక పెద్ద సంచి తీసి ఇచ్చింది, డబ్బులు వద్దంది. ఆ రాత్రి ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి పచ్చడి నూరి, మరుసటి వారం చిన్న సీసాలో పెట్టి ఆవిడకి ఇచ్చాను. ఉప్పు చేపతో తిన్నానని, కారం కాస్త తగ్గించమని చెప్పింది. మూడేళ్లూ డిసెంబరు వస్తే ఆవిడ దగ్గర నాకు సంచి ఉండేది.

ఇక తిండి. ఆంటిగ్వావాళ్ల సొంత వంట ఫంజీ, మొక్కజొన్న పిండిని బెండకాయ ముక్కలు ఉడికిన నీళ్లలో పోసి తెడ్డుతో గట్టిగా తిప్పి ముద్ద చేస్తారు. సంకటి కెలికిన చేతులకి ఆ పని కొత్తేం కాదు. మా అత్తయ్యగారు వంటింటి కిటికీలోంచి చూసి "మన సంకటే కదే" అన్నారు. దాంతో పెప్పర్‌పాట్ అనే కూర పెడతారు, అందులో ఆకుకూరలు, వంకాయతోపాటు ఉప్పు మాంసం పడుతుంది కాబట్టి శాకాహారులు అడిగి తినండి. వంకాయ, బెండకాయ, పాలకూర కలిపి మెత్తగా మెదిపిన చాప్అప్ అని ఒకటుంది, అది శాకాహారులకి చాలా బాగుంటుంది. డుకానా అయితే తప్పకుండా తినాల్సిందే. చిలగడదుంప, కొబ్బరి తురిమి చక్కెర కలిపి ఆకులో చుట్టి ఉడికిస్తారు, విప్పగానే వేడి ఆవిరితో అరిటాకు వాసన వస్తుంది. ఇవి ఓడ రేవు దగ్గరి రెస్టారెంట్లలో దొరకవు, మార్కెట్ చుట్టుపక్కల చిన్న కుక్‌షాపుల్లో మధ్యాహ్నం పన్నెండుకల్లా వెళ్తే దొరుకుతాయి, రెండు దాటితే గిన్నెలు ఖాళీ. గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పుణ్యమా అని సెనగలు, బంగాళదుంప కూర చుట్టిన రోటీ కూడా ఉంటుంది, ఏమీ తోచనప్పుడు అదే మన పిల్లలకి దిక్కు.

డబ్బు దగ్గర జాగ్రత్త. అక్కడి డబ్బు ఈస్టర్న్ కరీబియన్ డాలర్, అందరూ ఈసీ అంటారు. 1976 నుంచీ ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈసీ, అది మారదు. అమెరికన్ డాలర్లు ఎక్కడైనా తీసుకుంటారు, అక్కడే చిక్కు కూడా. మేం దిగిన రోజునే ఒక టాక్సీ అతను "ఇరవై" అంటే ఈసీ అనుకుని ఎక్కాం, దిగాక అమెరికన్ డాలర్లు అన్నాడు, వాదించినా లాభం లేకపోయింది. ఎక్కేముందే "ఈసీనా, యూఎస్సా, మనిషికా, బండికా" అని నాలుగూ అడగండి.

బస్సులైతే ఆ టెన్షన్ లేదు. మార్కెట్‌కి ఎదురుగానే వెస్ట్ బస్ స్టేషన్, బస్సులంటే వ్యాన్లే, నిండితేనే కదులుతాయి. 17వ నంబరు ఎక్కితే ఇంగ్లిష్ హార్బర్ వెళ్లొచ్చు, టాక్సీ ఛార్జీతో పోలిస్తే బస్సుకయ్యేది ఏ మూలకీ రాదు. దారిలో లిబర్టా వస్తుంది, బానిసత్వం పోయాక విడుదలైన జనం కట్టుకున్న ఊరు. ఇంగ్లిష్ హార్బర్‌లో నెల్సన్స్ డాక్‌యార్డ్‌ని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. బాగుంటుంది, కానీ ఒక్క రోజులో అదీ ఊరూ రెండూ అంటే హడావుడి అవుతుంది. వెళ్లాలనుకుంటే తిరుగు బస్సుకి గంటన్నర అదనంగా పెట్టుకోండి. ఓడ గడియారమూ దీవి గడియారమూ ఒకటేనా కాదా అన్నది కూడా దిగేముందు చూసుకోండి, కొన్ని నెలల్లో గంట తేడా వస్తుంది.

మామయ్యగారు వచ్చినప్పుడు బస్ స్టేషన్ దగ్గర నీడలో ఇద్దరు పెద్దవాళ్లు ఒక చెక్క పలక ముందు కూర్చుని ఆడుతున్నారు. వారీ అంటారు ఆ ఆటని. అటు ఆరు, ఇటు ఆరు, మొత్తం 12 గుంటలు, గుంటకి నాలుగు చొప్పున 48 గింజలు. ఒక గుంటలోవి తీసి వరసగా పంచుకుంటూ పోతారు, ఎదుటివాడి వైపు చివరి గింజ పడిన గుంటలో రెండో మూడో అయితే అవి మనవే. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆట. మామయ్యగారు నిలబడి చూసి చూసి "వామన గుంటలు!" అన్నారు. మన వాటికి 14 గుంటలుంటాయి, గింజలు గెలుచుకునే పద్ధతి వేరు, అయినా చేతి కదలిక అదే. గింజలు చూసి ఇంకా ఆశ్చర్యపోయారు, బూడిద రంగులో గోళీల్లా నున్నగా ఉన్న గచ్చకాయలు! వాళ్లు నికర్స్ అంటారు, సముద్రపు ఒడ్డున ముళ్ల తీగలకి కాస్తాయి. మామయ్యగారు ఒక గింజ అడిగి తీసుకుని గచ్చు మీద నాలుగుసార్లు గట్టిగా రాసి నా మోచేతికి అంటించారు, చురుక్కుమంది. ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు, వాళ్లూ చిన్నప్పుడు బళ్లో అదే చేసేవారట. తర్వాత గంటసేపు ఆయన్ని అక్కడినుంచి లేపలేకపోయాం. భాష ఏమీ అడ్డు రాలేదు.

ఉత్తరం వైపు, మార్కెట్ స్ట్రీట్, లాంగ్ స్ట్రీట్ కలిసే మూలన మ్యూజియం ఉంది. 1750 నాటి పాత కోర్టు భవనం. చిన్నదే, ముప్పావుగంటలో అయిపోతుంది, అయినా తప్పకుండా చూడండి. ఆంటిగ్వా క్రికెటర్ వివ్ రిచర్డ్స్ బ్యాట్ అక్కడుంది. 1736లో తిరుగుబాటుకి సిద్ధమైన కోర్ట్ అనే బానిస నాయకుడి గురించి కూడా అక్కడ తెలుసుకున్నాకే నాకు ఊరు అర్థమైంది. ప్రిన్స్ క్లాస్ అని కూడా అంటారు ఆయన్ని. కుట్ర బయటపడి ఆయనతో కలిపి 88 మందిని చంపారు, 77 మందిని సజీవంగా కాల్చేశారు. ఇంత చిన్న ఊళ్లో. 1834 ఆగస్టు 1న ఆంటిగ్వాలో బానిసత్వం పోయింది, ఇంకా ఎన్నో దీవుల్లో అప్రెంటిస్‌షిప్ పేరుతో మరి కొన్నేళ్లు అదే చాకిరీ చేయించారు, ఇక్కడ అది లేకుండా ఒకేసారి విడిచిపెట్టారు. వేసవిలో కార్నివాల్ ఆ తారీఖు చుట్టూనే జరుగుతుంది.

అక్కడినుంచి ఎత్తు ఎక్కితే జంట గోపురాల కెథెడ్రల్. 1843 భూకంపంలో పాతది పడిపోతే కట్టిన మూడో చర్చి అది, మళ్లీ భూకంపం వస్తే తట్టుకోవాలని రాతి గోడల లోపల మొత్తం చెక్కతో ఇంకో గూడు అల్లారు. మేమున్నప్పుడు మరమ్మతుల వల్ల చాలా నెలలు మూసే ఉంచారు.

ఇంకాస్త ముందుకెళ్తే నేను క్రికెట్ పిచ్చివాళ్లని చేయి పట్టుకుని తీసుకెళ్లే చోటు. ఆంటిగ్వా రిక్రియేషన్ గ్రౌండ్. 1986లో రిచర్డ్స్ 56 బంతుల్లో టెస్టు సెంచరీ కొట్టింది, లారా 1994లో 375, 2004లో 400 నాటౌట్ కొట్టింది, అన్నీ ఇక్కడే. 2002 మేలో కుంబ్లే విరిగిన దవడకి కట్టు కట్టుకుని వచ్చి లారాని అవుట్ చేసింది, మన లక్ష్మణ్ 130 కొట్టింది కూడా ఇక్కడే. పక్కనే జైలు గోడ, ఆ రోజుల్లో పిచ్ తయారుచేసే పనికి అక్కడి ఖైదీలే వచ్చేవారు. ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌లు నార్త్ సౌండ్‌లోని కొత్త స్టేడియంలో ఆడుతున్నారు. 2019 ఆగస్టులో మన కాకినాడ కుర్రాడు విహారి 93 దగ్గర అవుటైనప్పుడు మేం అక్కడే ఉన్నాం, నేను నిజంగా ఏడ్చేశాను. కానీ ఆ స్టేడియం ఊరికి దూరంగా ఉంటుంది, పాతది మాత్రం ఊరి మధ్యలో, ఇళ్లూ చర్చీ చూస్తుండగా. గేటు తెరిచుంటే కాపలా ఉన్నవాళ్లకి గుడ్ మార్నింగ్ చెప్పి అడగండి, నన్నెప్పుడూ కాదనలేదు.

పదకొండు నుంచి రెండు దాకా ఎండ మాడ్చేస్తుంది, నీడ తక్కువ, గొడుగు తీసుకెళ్లండి. బయట టాయిలెట్లు దొరకడం కష్టం, హెరిటేజ్ కీలో పని ముగించుకునే బయల్దేరండి. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల డిజైన్ బట్టలు పిల్లలకి కూడా వేయకండి, అక్కడ అది చట్టరీత్యా నేరం. ఈత బట్టలతో ఊళ్లో తిరగడం కూడా వాళ్లకి నచ్చదు. పగటిపూట ఒంటరిగా మూడేళ్లు తిరిగాను, నాకెప్పుడూ భయమనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మార్కెట్ మీదుగా రండి, బ్లాక్ పైనాపిల్ ఉంటే ఒకటి కొనండి. పేరు నలుపే కానీ ముదురాకుపచ్చగా, గుప్పెడంతే ఉంటుంది, దీవికి నైరుతి మూల కేడ్స్ బే వైపు పండుతుంది, నేను తిన్నవాటిలో అంత తియ్యటిది ఇంకోటి లేదు. పళ్లు సాధారణంగా ఓడలోకి రానివ్వరు కాబట్టి అక్కడే కోయించుకోండి. అమ్మే ఆవిడ మధ్య కాండం తీసేయదు, తీయమని అడగకండి, అది కూడా మెత్తగా తియ్యగానే ఉంటుంది.