మారుతి 800 ఖాళీ షెల్ కింద 4 ఇంచుల పీయూ క్యాస్టర్లు: వాడి చూసి రాస్తున్న రివ్యూ

ఇంట్లోనే పాత కారు విప్పి బాగు చేసుకునే పిచ్చి ఉన్నవాళ్లకే ఈ రివ్యూ, మిగతావాళ్లు పైకి జరిపేయండి. బండి మారుతి 800. ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, డోర్లు, అద్దాలు, సీట్లు అన్నీ దించేశాక మిగిలింది ఉత్త షెల్. జీపుకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, చక్రాలు ఊడదీశాక ఎక్కడ దించితే అక్కడే కూర్చుంటుంది. తుప్పు గోకాలంటే వెలుతురులోకి లాగాలి, వానొస్తే పోర్టికోలోకి తోయాలి, ప్రతిసారీ నలుగురిని పిలిచి పట్టండ్రా అంటే మొదట్లో టీ కోసమైనా వస్తారు, తర్వాత ఫోన్లే ఎత్తరు.

ఆ బాధ పడలేక సికింద్రాబాద్ రాణిగంజ్‌లో క్యాస్టర్లు, అంటే బరువు కింద బిగించి తోసుకునే చిన్న చక్రాలు, కొన్నా. 4 ఇంచుల పీయూ (పాలీయురేథేన్, గట్టి రబ్బరు లాంటి ప్లాస్టిక్) వీలు, పైన బోల్టు కన్నాలున్న ప్లేటు, నాలుగూ అన్ని వైపులా తిరిగేవే, రెండిటికి బ్రేకు. ఒక్కోటి 150 కిలోలు మోస్తుందని రాసుంది. నాలుగిటికీ రెండు వేల చిల్లర అయింది, బేరం ఆడితే ఇంకొంచెం తగ్గిస్తారు కానీ ఆ వీధిలో బండి పార్కింగ్ దొరికేసరికే బేరమాడే ఓపిక పోతుంది.

లోడ్ లెక్క దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. బరువుని నాలుగుతో భాగించేస్తారు, అది కరెక్ట్ కాదు. మన ఇళ్లలో నేల ఎక్కడా సమంగా ఉండదు, ఏదో ఒక వీలు గాల్లోకి లేస్తుంది, అప్పుడు బరువంతా మూడే మోస్తాయి. అన్నీ ఉన్న 800 బరువే దాదాపు 650 కిలోలు, విప్పిన షెల్ 300 లోపే వేసుకోండి, మూడుతో భాగిస్తే 100. అంటే 150వి హాయిగా సరిపోతాయి, 50 కిలోలవి చవగ్గా వస్తున్నాయని తెచ్చుకుంటే మాత్రం పని కాదు.

సైజు ఇంకా ముఖ్యం. పార్కింగ్ టైల్స్ మధ్య గాడి, చిన్న రాయి, వెల్డింగ్ రాడ్ ముక్క, ఏది అడ్డొచ్చినా 2 ఇంచుల వీలు టక్కున ఆగిపోతుంది, 4 ఇంచులది ఎక్కి దిగిపోతుంది. ఇప్పుడు నేనూ మా తమ్ముడూ ఇద్దరమే తోసేస్తున్నాం. నైలాన్ వీలు ఇంకా తేలిగ్గా దొర్లుతుంది కానీ ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు బయటికొస్తారు, పోత ఇనుముది టైల్స్ పెచ్చులు లేపుతుంది, మామూలు రబ్బరు మీద బరువు నెలల తరబడి ఉంచితే ఒక పక్క చదునైపోతుంది. అందుకే పీయూ.

క్యాస్టర్లు బిగించి షెల్‌ని కూర్చోబెట్టే ఫ్రేముకి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. పాత ఇనుప కొట్లో కిలో లెక్కన స్క్వేర్ పైపు తెచ్చి వెల్డింగ్ చేయించా, షెల్ కింద జాక్ పెట్టే పాయింట్ల దగ్గర ఆనేలా, మధ్యలో పాత టైరు ముక్కలు వేసి. క్యాస్టర్లని మాత్రం బోల్టులతోనే బిగించండి, ప్లేటుకి వెల్డింగ్ కొడితే లోపల బాల్స్‌కున్న గ్రీజు మాడిపోతుంది, పైగా జింకు పూత కాలిన పొగ పీల్చకూడదు. ఇంకోటి, డోర్ల కిందుండే సిల్ తుప్పు పట్టి ఉంటే బరువు దాని మీద వేయొద్దు, ముందుగా డోర్ల ఖాళీల్లో అడ్డంగా పైపు పెట్టి టాక్ (చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు) వేయించుకోండి, లేదంటే షెల్ కుంగి రేపు డోర్లు పట్టవు.

ఇక తిట్టాల్సినవి. బ్రేకు వీలుని ఆపుతుంది గానీ పైన తిరిగే తలని ఆపదు, కాబట్టి గట్టిగా గోకుతుంటే షెల్ పక్కకి ఊగుతూనే ఉంటుంది. రెండూ లాక్ అయ్యే రకం కూడా దొరుకుతుంది, డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి. కడిగిన నీళ్లు పోవడానికి పోర్టికోకి గేటు వైపు వాలు ఇస్తారు కదా, నాలుగూ తిరిగేవైతే వదిలిన మరుక్షణం షెల్ గేటు దారి పడుతుంది, చెక్క అడ్డాలు తప్పనిసరి. గ్రైండింగ్ రజను కూడా పీయూలో దిగబడిపోతుంది, నిప్పురవ్వ పడితే కరుగుతుంది, పని చేసేటప్పుడు తడి గోనెసంచి కప్పాల్సిందే.

ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ వీల్ డాలీలు కూడా చూశా, ఒక ఫ్రెండ్ దగ్గర ఉన్నాయి. అవి టైరు కింద పెట్టేవి, టైర్లే లేని బండికి ఎందుకూ పనికిరావు, పైగా వాటికున్నవి చిన్న వీల్సే. వాటికంటే చవకైన దారి ఒకటుంది: వెనక పని లేకపోతే వెనక సస్పెన్షన్, అరిగిపోయిన టైర్లు చివరి దాకా అలాగే ఉంచేసి ముందు వైపుకి మాత్రమే రెండు క్యాస్టర్లతో అడ్డ ఫ్రేము చేయించుకోండి. పక్కకి జరగదు గానీ ముందుకీ వెనక్కీ బాగానే వెళ్తుంది.

కిందకి దూరి పని చేయాలంటే మాత్రం క్యాస్టర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు, బ్రేకు వేసి ఉన్నా సరే. జాక్‌తో లేపి స్టాండ్ల మీదకి దించాకే దూరండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఒకటి ఆ బ్రేకుకి కోసేశా. మీది టైల్స్ లేని గరుకు సిమెంటు నేల అయితే 5 ఇంచులవే అడగండి, రేటు తేడా పెద్దగా లేదు.