మెక్‌షేన్ బైబిల్ పఠన పట్టిక: ఓర్పు నేర్పుతుంది, తేదీలతోనే తంటా

బైబిల్‌ను ఏడాదిలో పూర్తి చేయించే పట్టికల్లో ఎక్కువ భాగం ఆదికాండం నుంచి ప్రకటన దాకా వరసగా పోతాయి, లేదా సంఘటనలు జరిగిన క్రమంలో సాగుతాయి. రాబర్ట్ మర్రే మెక్‌షేన్ పట్టిక దారి వేరు. స్కాట్లాండ్‌లోని డండీలో సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరిగా ఉంటూ, తన విశ్వాసుల కోసం ఆయన 1842లో దీన్ని తయారుచేశాడు. మరుసటి ఏడాది మార్చిలో టైఫస్ జ్వరంతో చనిపోయాడు. అప్పటికి వయసు 29. పట్టిక మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది, ఉచితంగానే దొరుకుతుంది.

రోజుకు నాలుగు వరసల్లో నాలుగు భాగాలు, సుమారుగా నాలుగు అధ్యాయాలు. మొదటి రెండు వరసలు కుటుంబ ప్రార్థనకు, చివరి రెండు ఏకాంత ధ్యానానికి. ఏడాది ముగిసేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. జనవరి 1న ఆదికాండం 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1 చదవాలి. నాలుగూ ఆరంభాలే. డిసెంబర్ 31న చదివే 2 దినవృత్తాంతములు 36 పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో ముగుస్తుంది. మర్నాడు ఎజ్రా 1 అదే ఆజ్ఞతో మొదలవుతుంది.

దీని అసలు బలం మన మనఃస్థితిని అడగకపోవడం. బాధలో ఉన్నవాళ్లు ఓదార్పు వచనాలే వెతుక్కుంటారు, సుఖంగా ఉన్నవాళ్లు యోబు జోలికే పోరు. ఈ పట్టిక ఇద్దరికీ ఒకటే వడ్డిస్తుంది. ఫిబ్రవరి 2న యోబు 1, రోమా 5 ఒకే రోజు వస్తాయి. ఒకచోట మనిషి ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకుంటాడు. మరోచోట శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని పౌలు రాస్తాడు. విడిగా చదివితే పౌలు మాట తేలిగ్గా అనిపించవచ్చు, యోబు పక్కన పెట్టి చదివితే అంత తేలిగ్గా అనిపించదు. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 4న, ఆదికాండం 37లో యోసేపును అన్నలు అమ్మేస్తారు, యోబు 3లో యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు.

పట్టికలోని పెద్ద లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. అమ్ముడుపోయే కథ మొదలయ్యేనాటికి యోసేపుకు 17 ఏళ్లు, ఫరో ముందు నిలబడేనాటికి 30. ఆ పదమూడేళ్లను పట్టిక ఫిబ్రవరి 4 నుంచి 8 వరకు ఐదు రోజుల్లో దాటించేస్తుంది. అబ్రాహాము సంగతీ అంతే. 75వ ఏట హారాను విడిచి బయలుదేరినవాడికి 100వ ఏట ఇస్సాకు పుడతాడు. పట్టికలో అది జనవరి 11 నుంచి 20 వరకే. ఓపికగా ఎదురుచూడడం గురించి చదువుతూనే, ఆ ఎదురుచూపు ఎంత దీర్ఘమో తెలియకుండా జారిపోతాం. విరుగుడు సులువైనదే. వయసు, సంవత్సరాల లెక్క కనబడిన ప్రతి వచనం పక్కన, అంతకుముందు సంఘటనకూ దానికీ మధ్య ఎన్నేళ్లు గడిచాయో పెన్సిల్‌తో రాయాలి. ఉదాహరణకు అబ్రాహాము కథలో ఆదికాండం 16కు, 17కు మధ్య 13 ఏళ్లు. ఆ ఖాళీ జనవరి 15 చదువుకూ 16 చదువుకూ మధ్య ఒక్క రాత్రిలో గడిచిపోతుంది.

యోబు గ్రంథంలో ఇంకో ప్రమాదముంది. ఫిబ్రవరి 2న మొదలైన ఆ గ్రంథం మార్చి రెండో వారం దాకా దాదాపు రోజుకో అధ్యాయం చొప్పున నడుస్తుంది. అందుకే ఈ రోజు ఎవరు మాట్లాడుతున్నారో మరిచిపోవడం మామూలే. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అనే వచనాన్ని వాగ్దాన కార్డుల మీద చూడనివారు తక్కువ. అది దేవుడి వాగ్దానం కాదు, యోబు 8లో అతని స్నేహితుడు బిల్దదు మాట. నువ్వు పవిత్రుడవైతేనే అనే షరతు మీద, అంటే నీ బాధకు నీ పాపమే కారణమన్న నింద మీద, ఆ మాట నిలబడింది. ముగ్గురు స్నేహితులూ తనను గూర్చి యుక్తమైనది పలకలేదని 42వ అధ్యాయంలో దేవుడే తేల్చేశాడు. కాబట్టి చదవడం మొదలుపెట్టకముందే అధ్యాయాల పైన పేర్లు రాసుకోవాలి: ఎలీఫజు 4, 5, 15, 22, బిల్దదు 8, 18, 25, జోఫరు 11, 20, ఆ ముగ్గురిలో లేని ఎలీహు 32 నుంచి 37 వరకు. పది నిమిషాల పని. జబ్బుతో ఉన్నవారి చేతికి ఈ పట్టిక ఇచ్చేటప్పుడు ఈ గుర్తులు పెట్టకుండా ఇవ్వకూడదు.

ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం ఏప్రిల్ మధ్యలో వస్తుంది. ప్రతిదానికీ సమయం ఉందనే ఆ మొదటి ఎనిమిది వచనాల దగ్గరే చాలామంది ఆగిపోతారు. పట్టిక మొత్తం అధ్యాయం చదివిస్తుంది. దేవుడు చేసే పనిని మొదటినుంచి చివరిదాకా మనిషి తెలుసుకోలేడనే 11వ వచనం లేకపోతే ముందున్న ఎనిమిదీ గోడమీది బొమ్మగానే మిగులుతాయి.

పండుగలతో ఈ పట్టికకు పనిలేదు. క్రిస్మస్ రోజున ప్రకటన 16, దేవుని కోపంతో నిండిన ఏడు పాత్రల అధ్యాయం వస్తుంది. కొందరికి ఇది నవ్వు తెప్పిస్తుంది, కొందరికి చిరాకు. క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలం, ఈస్టర్‌కు ముందు శ్రమల కాలం అంటూ సంఘ కాలాలతో నడవాలనుకునేవారికి 1992 నాటి సవరించిన ఉమ్మడి పఠన క్రమం మేలు. అది మత్తయి, మార్కు, లూకా సువార్తల చుట్టూ మూడేళ్లు తిరిగే చక్రం, ఆగమన కాలపు మొదటి ఆదివారంతో మొదలవుతుంది. అయితే దాని ఆదివారం భాగాలు మాత్రమే చదివితే బైబిల్ మొత్తం పూర్తికాదు.

ఇక తేదీల సంగతి. పట్టికను మధ్యలో వదిలేసేవారిలో చాలామందిని ఆపేది నియమాలతో నిండిన లేవీయకాండం కాదు, బాకీ. వారం రోజులు జ్వరంతో పడుకుంటే 28 అధ్యాయాలు పేరుకుంటాయి. ఒక్క శనివారంలో వాటిని దులిపేయాలని కూర్చుంటే కళ్లు పరుగెడతాయి, తలలో ఏదీ నిలవదు. ఆదివారం నుంచి మళ్లీ బాకీ మొదలవుతుంది. మెక్‌షేనే ఈ పద్ధతిలోని ప్రమాదాలను ముందుగా రాసిపెట్టాడు: ఆచారంగా మారడం, స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, మోయలేనంత కాడి. తాను తయారుచేసిన వస్తువు లోపాలను తానే చెప్పుకున్న మనిషి మీద నమ్మకం కలుగుతుంది. తప్పిన రోజులను వదిలేసి ఈ రోజు తేదీ దగ్గర కూర్చోవడం ఒక మార్గం. తేదీలు కొట్టేసి 1 నుంచి 365 వరకు అంకెలు వేసుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు ఏడాది పదిహేను నెలలైనా ఎవరికీ బాకీ ఉండదు.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో, మంచంపట్టిన పెద్దవాళ్లను చూసుకునే ఇంట్లో నాలుగు అధ్యాయాలు పెట్టుకోవద్దు. మొదటి రెండు వరసలే చదివితే ఏడాదిలో ఆదికాండం నుంచి 2 దినవృత్తాంతముల వరకు, కీర్తనలు, కొత్త నిబంధన మొత్తం ఒకసారి అవుతాయి. మిగతా రెండు వరసలు వచ్చే ఏడాది. చదివే ఓపిక కూడా లేకపోతే ఆడియో బైబిల్లో ఒక్క వరస వింటే చాలు.

కొత్తగా ఆప్తులను పోగొట్టుకున్నవారికి మాత్రం ఈ పట్టిక ఇవ్వకండి. వంశావళులు, కొలతలు, యుద్ధాలు ఆ సమయంలో మోయలేరు. నెల రోజులు కీర్తనలు చాలు. తేదీతో మొదలుపెట్టి ముప్పై చొప్పున కలుపుకుంటూ రోజుకు ఐదు: 13వ తేదీన 13, 43, 73, 103, 133. ఐదు ఎక్కువనిపిస్తే మొదటిది ఒక్కటే చదవాలి. 13వ కీర్తనలో ఆరే వచనాలు, మొదటి రెండింటిలోనే "ఎంతకాలం" అనే మొర నాలుగుసార్లు వినబడుతుంది. 28వ తేదీ వరసలో వచ్చే 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దానికి ఓదార్పు ముక్క తగిలించి చదివించనవసరం లేదు. 176 వచనాల 119వ కీర్తనను 29 నుంచి తప్పించి 31కి జరపండి.

ఏడాది మధ్యలో మొదలుపెట్టేవారు జనవరి కోసం ఆగొద్దు, ఆ రోజు తేదీ దగ్గరే మొదలుపెట్టండి. జూలై 1 అయితే యెహోషువ 3, కీర్తనలు 126 నుంచి 128, యెషయా 63, మత్తయి 11. కథ మధ్యలో దిగినట్టు ఉంటుంది కాబట్టి మొదటి వరసలో మాత్రం వెనక్కి వెళ్లి యెహోషువ 1, 2 అధ్యాయాలు చదివేసి రండి. మిగతా మూడింటికి ఆ అవసరం రాదు.