ముందే తిప్పి ఉంచిన గుర్రాన్ని చూసి డబ్బు కట్టకండి: నాకు జరిగింది చదవండి

గుర్రం కొనాలని చూస్తున్నవాళ్లందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. నాలుగు నెలల కిందట నేనొక మగగుర్రాన్ని కొన్నాను. ఏడేళ్ల వయసు, మహా నెమ్మది, పిల్లలను కూడా ఎక్కించవచ్చు అని చెప్పి అమ్మారు. మా దగ్గరికి వచ్చిన మూడో రోజున అది కుంటింది. చెప్పిన వయసు అబద్ధం. చూపించిన నెమ్మదితనం కూడా దానిది కాదు. అమ్మిన మనిషి పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే అందరూ ఆ ఒక్కడి దగ్గరే జాగ్రత్తపడతారు. ఇదే పద్ధతి ఇంకా చాలామందికి తెలుసు కాబట్టి ఆ పద్ధతేమిటో చెబుతాను.

పొద్దున్నే వచ్చి చూస్తానని నేనంటే, సాయంత్రం రండి, తీరిగ్గా చూడవచ్చు అన్నాడు. సరేనన్నాను. వెళ్లేసరికి గుర్రం జీను కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. మెడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. జీను కింద వేసిన గుడ్డ అంచు వెంబడి చెమట ఆరిపోయిన తెల్లటి చార కనిపించింది. "మీరు వస్తున్నారని కాసేపు తిప్పి ఉంచానండి" అన్నాడు. మర్యాద కోసం చేశాడనుకున్నాను. ఒళ్లు వేడెక్కేదాకా ముందే తిప్పితే కీళ్ల బిగువు చాలావరకు సడలిపోతుంది. అలసిన గుర్రానికి మొండితనం కూడా తగ్గుతుంది. అంటే కొనేవాడు చూడవలసినవి రెండూ వాడు రాకముందే మాయమైపోతాయి. ఈ సంగతి నాకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా స్వారీ చేస్తున్నాను. తెలిసి కూడా ఆ చారను చూసి ఊరుకున్నాను. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

స్వారీ మెత్తటి ఇసుకలోనే చేయించాడు. తిన్నగా నడిపించాడు, కుడివైపు పెద్ద గుండ్రంగా తిప్పాడు. ఎడమవైపు తిప్పమంటే ఒకే ఒక్క చుట్టు తిప్పి ఆపేశాడు. శాల ముందు రాళ్లు పరిచిన గట్టి నేల ఉంది. దాని మీద మాత్రం నడిపించలేదు. నేనూ అడగలేదు. గుర్రం తల దించుకుని, కింది పెదవి వదులుగా వేలాడేసి నిలబడింది. కంటి లోపలి మూలన ఉండే పలుచని మూడో రెప్ప కొద్దిగా పైకి వచ్చి కనిపించింది. అంగం బయటికి జారి వేలాడుతోంది. "హాయిగా ఉన్నప్పుడు అలాగే ఉంటాయి కదండీ" అన్నాడు. హాయిగా ఉన్న మగగుర్రాలు అలా ఉండడం నిజమే. కానీ అసిప్రోమజీన్ అనే మత్తుమందు ఇచ్చినప్పుడూ సరిగ్గా ఇవే గుర్తులు కనిపిస్తాయి. విడివిడిగా చూస్తే వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. అన్నీ ఒకేసారి, అదీ కొత్త మనిషి వచ్చి నిలబడినప్పుడు కనిపిస్తే, ఆ రోజు బేరం మాట ఎత్తకుండా వెనక్కి రావాలి.

మొదటి రోజు ప్రయాణపు అలసటేమో, మేత నెమ్మదిగా తిని పడుకుంది. రెండో రోజు జీను పట్టుకుని దగ్గరికి వెళ్లేసరికి చెవులు వెనక్కి వాల్చి, పళ్లు చూపించి, గోడవైపు తిరిగిపోయింది. కొత్త చోటు కదా అని సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు పొద్దున శాలలో అది నిలబడిన తీరు చూడగానే నా గుండె జారిపోయింది. ఎడమ ముందుకాలిని ముందుకు చాపి, మడమ మీద బరువు పడకుండా గిట్ట కొనను మాత్రం నేలకు ఆనించింది. కాసేపటికి కాలు మార్చి కుడిదాన్ని అలాగే చాపింది. బయటికి తెచ్చి గట్టి నేల మీద చిన్న పరుగు పెట్టిస్తే తల ఊగింది. ఎడమకాలు నేలను తాకిన ప్రతిసారీ తల పైకి లేచింది, కుడికాలు తాకినప్పుడు కిందికి దిగింది. ముందుకాలు కుంటే గుర్రం అలాగే చేస్తుంది. నొప్పి ఉన్న కాలి మీద బరువు తగ్గించుకోవడానికి తల ఎత్తుతుంది.

పశువైద్యురాలు వచ్చి చేసిన పరీక్ష మొత్తం పక్కనే నిలబడి చూశాను. ముందుగా గిట్ట పైనున్న కీలు వెనుక రెండు వేళ్లు పెట్టి నాడి పట్టుకున్నారు. తర్వాత పొడవాటి పిడుల పటకారుతో గిట్ట అడుగును చుట్టూ కొద్దికొద్దిగా నొక్కుతూ వచ్చారు. మడమ వైపు చేరగానే గుర్రం కాలు లాగేసుకుంది. అప్పుడు ఎడమ మడమ దగ్గరి నరానికి మత్తు సూది వేశారు. కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ పరుగు పెట్టించారు. ఎడమకాలి కుంటు పోయింది. దాని బదులు కుడికాలితో కుంటడం మొదలుపెట్టింది. అంటే నొప్పి రెండు కాళ్లలోనూ ఉంది. ఎడమవైపు ఎక్కువగా ఉండడం వల్ల కుడివైపుది ఇన్నాళ్లూ బయటపడలేదు. రెండు కాళ్లూ సమానంగా నొప్పి పెడితే తల ఊగడం కూడా సరిగ్గా కనిపించదని, అడుగులు పొట్టిగా పడడం ఒక్కటే గుర్తుగా మిగులుతుందని ఆవిడ చెప్పారు. ఎక్స్‌రే తీస్తే గిట్ట లోపల మడమ వైపున ఉండే నావిక్యులర్ ఎముకలో మార్పులు తేలాయి. అవి మూడు రోజుల్లో వచ్చేవి కావు. ఆ జబ్బును పూర్తిగా నయం చేయడం కుదరదు. లాడాలతో, మందులతో, పని తగ్గించడంతో నెట్టుకురావాలి.

ఆవిడ పళ్లు కూడా చూశారు. ఏడేళ్ల గుర్రానికి కింది ముందుపళ్లలోని గుంటలు ఇంకా పూర్తిగా అరిగిపోవు. మధ్య పళ్లవి ఆరేళ్లకు, పక్కవి ఏడేళ్లకు, చివరివి ఎనిమిదేళ్లకు అరగడం మామూలు. ఈ గుర్రానికి ఒక్క గుంటా లేదు. పైగా ఎగువ చివరి ముందుపన్ను మీద గోధుమరంగు గాడి సగం దాకా దిగి ఉంది. ఆ గాడి సుమారు 10 ఏళ్లకు చిగురు దగ్గర మొదలై, 15 ఏళ్లకు సగానికి, 20 ఏళ్లకు పంటి చివరిదాకా వస్తుంది. పళ్లను బట్టి చెప్పే వయసు అంచనాయే. మేతను బట్టి, జాతిని బట్టి రెండు మూడేళ్లు అటూ ఇటూ కావచ్చు. ఏడు పదిహేనంత కావడం మాత్రం జరగదు.

అమ్మినాయనకు ఫోను చేశాను. "నా దగ్గర ఉన్నప్పుడు బాగానే ఉంది, మీరు ఎలా వాడారో" అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. ఒప్పందం కాగితంలో "చూసుకుని, ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను" అనే మాట ఉంది. దాని కింద నా సంతకం ఉంది. నొప్పి తెలియకుండా ఫినైల్‌బ్యూటజోన్ పెట్టి ఉంటారని నా అనుమానం. పొడి రూపంలో దొరుకుతుంది, దాణాలో కలిపి పెడతారు. కుంటు ఉన్న గుర్రం దానితో ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు చక్కగా నడుస్తుంది. వైద్యులు చెప్పిన మోతాదులో అది మంచి మందే. మోతాదు మించినా, చాలా రోజులు వాడినా కడుపులో, పేగుల్లో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అసిప్రోమజీన్ మత్తుమందే తప్ప నొప్పి తగ్గించదు. అందుకే మోసం చేయదలచినవాడికి రెండూ అవసరం, ఒకటి కోపాన్ని దాచడానికి, ఇంకొకటి కుంటును దాచడానికి. నేను దేన్నీ నిరూపించలేను. చూసిన రోజున నెత్తురు తీయించలేదు కాబట్టి నా చేతిలో ఆధారం లేదు.

అందుకే మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. డబ్బు చేతులు మారకముందే నెత్తురు నమూనా తీయించండి. అప్పుడే పరీక్ష చేయించకపోయినా పర్వాలేదు, ప్రయోగశాలలో భద్రపరిచి ఉంచమనండి. తర్వాత ఏదైనా తేడా వస్తే అదొక్కటే మీ తరఫున మాట్లాడుతుంది. నమూనా తీస్తామనగానే అమ్మేవాడు నొచ్చుకున్నా, తొందర పెట్టినా, వేరే కొనేవాళ్లు దారిలో ఉన్నారని చెప్పినా ఆ బేరం వదులుకోండి. నిజంగా మంచి గుర్రాన్ని అమ్ముకునేవాడికి అందులో పోయేదేమీ లేదు.

పరీక్ష చేసే వైద్యుణ్ణి మీరే తెచ్చుకోండి. అమ్మేవాడి గుర్రాలకు ఎప్పుడూ వైద్యం చేసే మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే, ఈ పనికి పిలవకండి. పూర్తి పరీక్షలో ఐదు దశలుంటాయి. గుర్రం నిలబడి ఉండగా చూడడం, చేత్తో పట్టుకుని నడిపించి పరుగు పెట్టించడం, గట్టిగా స్వారీ చేయించడం, కాసేపు విశ్రాంతి ఇవ్వడం, మళ్లీ ఒకసారి పరుగు పెట్టించడం. చాలామంది మూడో దశతో సరిపెట్టేస్తారు. ఆ విశ్రాంతి తర్వాతి పరుగులోనే బిగువు తిరిగొచ్చి అసలు కాళ్లు బయటపడతాయి. కీలును సుమారు నిమిషంపాటు మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే పరుగు పెట్టించే పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. గట్టి నేల మీద చిన్న గుండ్రంలో రెండు వైపులా తిప్పించండి. మడమలో నొప్పి ఉన్న గుర్రం అక్కడే దొరికిపోతుంది. అడుగు వేసేటప్పుడు నేల మీదికి వంగి చూడండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం గిట్ట మడమతో గానీ సమానంగా గానీ దిగుతుంది. నొప్పి ఉన్నది కొన ముందు ఆనిస్తుంది.

వెళ్లే సమయం మీరే నిర్ణయించండి. చెప్పిన సమయానికంటే అరగంట ముందే వెళ్లండి. గుర్రం శాలలో ఉండగానే చూడాలి. దాన్ని పట్టుకోవడం, తాడు కట్టడం, గిట్టలు ఎత్తి శుభ్రం చేయడం, జీను వేయడం అన్నీ మీ కళ్లముందే జరగాలి. ముందుగా అమ్మేవాళ్లను ఎక్కి చూపించమనండి, వాళ్లు ఎక్కకపోతే మీరూ ఎక్కకండి. వీలైతే మరో రోజు చెప్పకుండా వెళ్లి ఇంకోసారి చూడండి. నేను రెండోసారి వెళ్లి ఉంటే ఈ రాత రాసే అవసరం ఉండేది కాదు. మెడలో చిప్ ఉంటే దాని సంఖ్య, కాగితాల్లో ఉన్న సంఖ్య ఒకటేనా అని చదివించి చూడండి. వయసు అక్కడే తేలిపోవచ్చు.

ఈ గొడవలో పడి నేను చేసిన ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. కొత్త గుర్రాన్ని తెచ్చిన రోజే మా పాత గుర్రం పక్క గదిలో కట్టేశాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. గొంతు గ్రంథులు వాచి చీము పట్టే స్ట్రాంగిల్స్ వంటి అంటురోగాలు సోకిన కొన్ని రోజులకు గానీ బయటపడవు. కనీసం రెండు మూడు వారాలు కొత్తదాన్ని వేరుగా ఉంచండి, నీళ్ల బకెట్లు కూడా వేరు చేయండి, రోజూ జ్వరం చూడండి. గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ వరకు మామూలు. అది దాటితే వైద్యుణ్ణి పిలవండి.

ఇప్పుడు గుర్రం మా దగ్గరే ఉంది. గిట్ట కొనను తగ్గించి, మడమకు ఆసరా ఇచ్చే లాడాలు కొట్టించాం. మెత్తటి నేల మీద రోజూ కాసేపు నడిపిస్తున్నాం, ఎవరూ ఎక్కడం లేదు. నొప్పి తగ్గాక దాని కోపమూ తగ్గింది. పొద్దున నా చెప్పుల చప్పుడు వినగానే తలుపు మీదుగా మెడ చాచి సకిలిస్తుంది. ఎవరికైనా అమ్మేసి కొంతైనా డబ్బు రాబట్టుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నిజం చెబితే దాన్నెవరూ కొనరు. చెప్పకుండా అమ్మడం నా వల్ల కాదు.