ట్యూబ్‌లెస్ చేయించిన స్పోకు చక్రాలు: ముక్తినాథ్ దాకా పోయొచ్చాక, మూడేళ్ల వాడకం మీద

వెనక చక్రం ట్యూబ్‌లెస్ చేయించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే ఆలోచించకుండా చేయించుకోమంటాను. ముందు చక్రం సంగతి అడిగితే మాత్రం ఎక్కడికి పోతున్నారు, ఎన్నాళ్ల సెలవు అని ఎదురు ప్రశ్న వేస్తాను. మొదటి ఏడాది రెండింటికీ ఒకే జవాబు చెప్పేవాణ్ణి. 34 వేల కిలోమీటర్లు తిరిగాక జవాబులు రెండయ్యాయి.

మోటార్‌సైకిల్ మోడలు, ఇంజను సంగతుల జోలికి పోను. ముందు 21, వెనక 17 అంగుళాల స్పోకు చక్రాలు, కంపెనీ నుంచి ట్యూబులతో వచ్చినవి. వాటిని బయట షెడ్డులో సీలు చేయించి ట్యూబులు తీసేయించాను. ఈ మాటలన్నీ ఆ పని మీదే.

దాని విలువ తెలియాలంటే నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు సెలవు లెక్క వేసి చూడాలి. ఆఫీసులో పది రోజుల సెలవు దొరికితే, ముందూ మధ్యా వెనకా శని ఆదివారాలు కలుపుకుని 16 రోజులు. తిరుపతి నుంచి కడప, కర్నూలు, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు సుమారు 2,000 కిలోమీటర్లు. రోజుకు 500 చొప్పున పోను నాలుగు రోజులు, రాను నాలుగు. మిగిలేది ఎనిమిది. శనివారం తెల్లారకముందే బయలుదేరితే బుధవారం పొద్దున సరిహద్దు దాటి, బుట్వల్, తాన్‌సేన్ మీదుగా 180 కిలోమీటర్లకు పైగా నడిపి రాత్రికి పొఖరా చేరొచ్చు. గురువారం అక్కడ అన్నపూర్ణ ప్రాంతపు పర్మిట్ తీసుకోవాలి. సార్క్ దేశాల వాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బుల్లో 625. మధ్యాహ్నం బేనీ దారి పట్టి తాతోపానీలో పడుకుంటే శుక్రవారం కాగ్‌బేనీ, శనివారం ముక్తినాథ్. బయలుదేరే రోజు మార్చేటప్పుడు ఒక సంగతి మరవకూడదు: నేపాల్‌లో వారపు సెలవు శనివారం. అక్కడి ఆఫీసుల్లో పని ఏదీ ఆ రోజుకు పెట్టుకోవద్దు.

ముక్తినాథ్ అంటే తిరుపతి వాళ్లకు పరిచయం చేయక్కర్లేదు. 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికే కాళీ గండకి ఒడ్డు దారి. ఆ లోయలో గడియారం చూపించేది గాలి. మార్ఫా, జోమ్‌సోమ్, కాగ్‌బేనీల మధ్య పొద్దు పదీ పదకొండు దాటితే దక్షిణం నుంచి గాలి లేస్తుంది. సాయంత్రం దాకా తగ్గదు. జోమ్‌సోమ్ విమానాలు పొద్దున్నే వచ్చి పోయేది అందుకే. పైకి పోయేటప్పుడు వీపున తోస్తుంది, తిరుగు దారిలో మొహాన ఇసుక కొడుతుంది. కాబట్టి ఏడింటికి పడిన పంచర్‌కు గంటన్నర పోతే పోయేది గంటన్నర ఒక్కటే కాదు, ఆ పూట మొత్తం.

ఇంకో లెక్క భన్సార్‌ది. మన బండికి నేపాల్ కస్టమ్స్ వాళ్లు రోజుల లెక్కన ఇచ్చే అనుమతి అది. ఎన్ని రోజులకు కట్టామో అన్ని రోజుల్లోపు బండి బయటికి రావాలి, దాటితే జరిమానా. ప్లాను ఆరు రోజులైతే ఎనిమిది రోజులకు కట్టేయడం మేలు. ఒరిజినల్ ఆర్‌సీ, లైసెన్సు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చేతిలో ఉండాలి. బండి నాన్న పేరునో అన్న పేరునో ఉంటే ఆయన రాసిచ్చిన అనుమతి పత్రం కూడా. 100 రూపాయల నోట్లు ఒక కట్ట దగ్గర పెట్టుకోవాలి. ఇన్సూరెన్సుకు నేపాల్ కూడా వర్తించేలా ఐఎంటీ 1 ఎండార్స్‌మెంట్ ఉంటుంది, కాస్త అదనపు ప్రీమియం కడితే పాలసీకి కలుపుతారు. బయలుదేరడానికి కనీసం వారం ముందు అడగాలి.

ఇంత బిగించిన లెక్కలో ట్యూబు టైరు పంచరయితే ఏమవుతుందో చూడండి. సామాను దించాలి, చక్రం విప్పాలి, లివర్లతో టైరు ఒక పక్క ఎత్తాలి, ట్యూబు లాగాలి, ప్యాచ్ వేయాలి, మళ్లీ ఎక్కించేటప్పుడు లివరు మొన తగిలి కొత్త రంధ్రం పడకుండా చూసుకోవాలి. చేయి తిరిగిన వాడికి ముప్పావు గంట, మనలాంటి వాళ్లకు గంటంబావు. అదే ట్యూబ్‌లెస్ అయితే చక్రం బండికే ఉంటుంది. మేకు కనిపెట్టి ప్లేయరుతో లాగడం, ఆ రంధ్రంలో రీమరు, అంటే గరుకు ఇనుప సువ్వ, అయిదారు సార్లు తిప్పుతూ ఆడించడం, సొల్యూషన్ పూసిన స్ట్రిప్‌ను సూదితో లోపలికి తోసి సూదిని ఒక్క ఊపున వెనక్కి లాగడం, మిగిలిన తోక కోయడం, గాలి పట్టడం. 12 నుంచి 15 నిమిషాలు, అందులో సగం ఇన్‌ఫ్లేటరు తినేదే. కుప్పం వైపు గ్రానైట్ లారీల దారిలో, భాకరాపేట ఘాట్‌లో, నాగపూర్ దాటాక హైవే మీద పడిన వెనక పంచర్లన్నీ ఈ లెక్కలోనే తేలిపోయాయి. ఈ ఒక్క సుఖం కోసమే మొదటి ఏడాది ఆ పనిని అంత పొగిడాను. ఇప్పటికీ పొగుడుతాను, కాకపోతే టైరు మధ్య భాగంలో దిగిన మేకు వరకే. పక్క గోడ చీలితే స్ట్రిప్ నిలవదు.

పని ఎలా చేస్తారో తెలిస్తే ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. స్పోకు చివర దాన్ని బిగించే నట్లు, అంటే నిపుళ్లు, రిమ్ముకు ఉన్న రంధ్రాల గుండా దిగుతాయి. గాలి పోయేది అక్కడే, అందుకే ట్యూబు. చేసేవాళ్లు ముందు చక్రం వంకర తీసి స్పోకులన్నీ సమంగా బిగించాలి. తర్వాత నిపుల్ మీద పొడుచుకొచ్చిన స్పోకు మొనలు అరగదీసి, రిమ్ము లోపలి తుప్పూ జిడ్డూ ఇనుప బ్రష్షుతో, స్పిరిట్‌తో శుభ్రం చేసి, ఒక్కో నిపుల్ మీద సీలెంట్ బొట్టు పెట్టి, పైన చుట్టూ జిగురు టేపు వేస్తారు. ఆ సీలెంట్ పూర్తిగా గట్టిపడడానికి దాదాపు వారం. "సాయంత్రం వచ్చి తీసుకుపో" అన్నారంటే అక్కడ చేయించుకోకండి. ప్రయాణానికి నెల ముందు చేయించి, ఓ 500 కిలోమీటర్లు మన ఘాట్లలో తిప్పి చూడాలి. టైరు మీద టీఎల్, అంటే ట్యూబ్‌లెస్, అని ఉండాలి. ట్యూబు టైరునే ఎక్కిస్తే లోపలి పొర గాలి ఆపదు.

షెడ్డు వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాన్ని అడగకపోవడం వల్లే ముందు చక్రం మీద పగ పుట్టింది. మామూలు ట్యూబు వాల్వుకు రిమ్ము రంధ్రం 8.3 మిల్లీమీటర్లు. రబ్బరు ట్యూబ్‌లెస్ వాల్వుకు 11.3 కావాలి. కొన్నిచోట్ల చెప్పకుండా డ్రిల్లుతో పెద్దది చేసేస్తారు. 8.3కు సరిపోయే లోహపు వాల్వులు దొరుకుతాయి, వాటినే వేయమని పట్టుబట్టాలి. మరో సంగతి: ట్యూబ్‌లెస్ కోసం తయారైన రిమ్ములో టైరు బీడింగు, అంటే రిమ్ములో కూర్చునే దాని అంచు, జారకుండా లోపల చిన్న గట్టు ఉంటుంది. ట్యూబు కోసం తయారైన రిమ్ముకు ఆ గట్టు ఉండాలన్న నియమం లేదు. ఈ బండి 21 అంగుళాల ముందు రిమ్ముకు లేదు. సీలు ఎంత బాగా వేసినా లేని గట్టు రాదు.

తాతోపానీ దాటి ఘాసా వైపు ఎక్కేటప్పుడు, రుప్సే జలపాతానికి దగ్గర్లో, ఈ రెండు లోపాలూ ఒకేసారి బయటపడ్డాయి. రాళ్ల దారి కదా, పట్టు దొరుకుతుందని ముందు గాలి 25 పీఎస్ఐ నుంచి 18కి దించడం మొదటి తప్పు. సామాను బరువుతో ఒక మొన రాయికి చక్రం తగలగానే టైరు నొక్కుకుపోయి దెబ్బ నేరుగా రిమ్ము అంచుకు పడింది. ఓ నాలుగు మిల్లీమీటర్లు లోపలికి వంగింది. ట్యూబు ఉన్న చక్రానికైతే, ట్యూబు నలిగి చిరగనంత వరకు, ఆ సొట్ట ఒక లెక్క కాదు. ట్యూబ్‌లెస్‌లో అంచే మూత, మూత వంగితే గాలి ఆగదు. పది నిమిషాల్లో ఖాళీ. బండి నిలపడానికి వెడల్పు చోటు దాకా 200 మీటర్లు నెట్టేసరికి బీడింగు ఒక పక్క రిమ్ము లోయలోకి జారిపోయింది.

ఒకసారి జారిన బీడింగును చిన్న ఇన్‌ఫ్లేటరు పైకి ఎక్కించలేదు, అది పంపే గాలి కంటే పక్కనుంచి పోయేదే ఎక్కువ. మామూలుగా చేసేవన్నీ చేయడమైంది. వాల్వు లోపలి పిన్ను తీస్తే గాలి జోరుగా పోతుంది. షాంపూ పాకెట్టు నీళ్లలో కలిపి అంచులకు పూస్తే రబ్బరు జారుతుంది. సామాను పట్టీని టైరు చుట్టూ వేసి కర్రతో మెలిపెడితే మధ్య భాగం నొక్కుకుని అంచులు బయటికి విచ్చుకుంటాయి. మూడూ కలిపి చేసినా సొట్ట దగ్గర రెండు వేళ్ల మేర పట్టలేదు. సుత్తితో అంచు సరిచేయాలనిపిస్తుంది, కానీ అల్యూమినియం రిమ్ము ఆ దెబ్బకు పగిలితే ఇక ట్యూబూ పనికిరాదు.

చివరికి దిక్కు ట్యూబే. సామాను అడుగున ఒక 21 అంగుళాల ట్యూబు ఉంది, అదీ అలవాటుగా పడేసినదే తప్ప ముందుచూపు ఏమీ కాదు. చక్రం విప్పి, వాల్వు తీసి, టేపు అలాగే ఉంచి ట్యూబు వేస్తే, డ్రిల్లు చేసిన పెద్ద రంధ్రంలో ట్యూబు వాల్వు వదులుగా ఆడుతోంది. అలా ఆడితే బ్రేకు పట్టినప్పుడల్లా వాల్వు మొదలు కోసుకుపోతుంది. పాత చెప్పు తోలు ముక్కకు చిల్లు పొడిచి వాషరులా వేసి, గాలి 26 పెడితే తిరుపతి దాకా నిలిచింది. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. మార్ఫా చేరేసరికి గాలి లేచింది, ఆ రోజు అక్కడే ఆగాల్సి వచ్చింది. భన్సార్ రెండు రోజులు ఎక్కువకు కట్టి ఉండబట్టి సరిహద్దులో జరిమానా పడలేదు. చివరి శని ఆదివారాల్లో ఒకటి దీనికే పోయింది.

పై ఊళ్లలో గాలి కొలిచేటప్పుడు "చలికి తగ్గిందిలే" అని వదిలేస్తుంటారు చాలామంది. లెక్క చూడండి. తిరుపతిలో 35 డిగ్రీల ఎండలో 32 పీఎస్ఐ పెట్టిన టైరు సున్నా డిగ్రీలకు చల్లబడితే అయిదు పీఎస్ఐ పైగా తగ్గుతుంది. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన, అక్కడ బయటి వాతావరణ పీడనమే అయిదు పీఎస్ఐ పైగా తక్కువ, గేజీ చూపించేది లోపలికీ బయటికీ ఉన్న తేడా కాబట్టి అంతే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోయి తెల్లవారుజామున గేజీ మళ్లీ 32 దగ్గరే చూపాలి. 27 చూపిందంటే చలి మీద నెట్టకండి, ఎక్కడో కారుతోంది. సీలు చేయించిన చక్రాలకు ఈ పరీక్ష మరీ అవసరం.

కారడం అనేది రెండో ఏడాది చివర్లో వెనక చక్రానికీ మొదలైంది. మొదట్లో వారానికి రెండు పీఎస్ఐ తగ్గేది, అది మామూలే. తర్వాత రాత్రికి రెండు. సబ్బు నీళ్లు పోసి చూస్తే రెండు నిపుళ్ల దగ్గర బుడగలు. గతుకులకు స్పోకులు వదులై, నిపుల్ కదిలి, సీలెంట్ చీలింది. ట్యూబు చక్రమైతే స్పోకు పానాతో అరగంటలో బిగించేయొచ్చు. ఇక్కడ నిపుల్ తిప్పితే చుట్టూ ఉన్న సీలు తెగుతుంది, కాబట్టి టైరు ఊడదీసి ఆ చక్రానికి మళ్లీ మొదటి నుంచీ చేయాలి, మళ్లీ వారం ఆరబెట్టాలి. ఒకసారి చేయిస్తే బండి బతికినన్నాళ్లూ చూసుకోనక్కర్లేదని అప్పట్లో స్నేహితులకు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. గతుకుల దారుల్లో తిరిగే బండికి రెండేళ్లు అనుకోండి.

ఇన్‌ఫ్లేటరు గురించి కాస్త. అది ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. మొబైలు చార్జింగు సాకెట్టుకు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టి, ఇంజను నడుస్తుండగా వాడాలి. స్ట్రిప్పులు పది, సొల్యూషన్ ట్యూబులు రెండు ఉంచుకోవాలి, ఒకసారి మూత తీసిన సొల్యూషన్ వారంలో ఎండిపోతుంది. విడి ట్యూబు ఒక్కటే పెట్టుకునే చోటుంటే 21 అంగుళాలదే తీసుకోండి. తప్పనిసరైతే దాన్ని వెనక 17 టైరులో మడత పడకుండా సర్ది, నెమ్మదిగా ఊరు చేరొచ్చు. 17ది ముందుకు సాగదు.

ఇప్పుడు బండికి వెనక ట్యూబ్‌లెస్, ముందు ట్యూబు. ఆఫీసు సెలవు 16 రోజుల కంటే పెరగని నాలాంటి వాడికి ఇది కుదిరింది. సామాను ఎక్కువ బరువు వెనకే, అక్కడ పడే మేకులు పావు గంటలో తేలిపోతాయి, ముందు చక్రం రాళ్ల దెబ్బ తిన్నా బండి ఆగదు. నెల రోజులు చేతిలో ఉండి, టైరు మార్చడం బాగా వచ్చినవాళ్లయితే రెండింటికీ ట్యూబులే ఉంచుకోవచ్చు, డబ్బు మిగులుతుంది. తలకోన, హార్సిలీ హిల్స్ దాటి పోనివాళ్లకు అసలు ఈ ఖర్చే అక్కర్లేదు, ప్రతి ఊళ్లో పంచర్ అంగడి ఉంటుంది. గట్టు ఉన్న రిమ్ములు దొరికే బండి అయితే ముందు చక్రం గురించి నా మాట పట్టించుకోకండి. నా రిమ్ముకు ఆ సొట్ట ఇంకా అలాగే ఉంది, లోపల ట్యూబు మాత్రం కొత్తది, తోలు వాషరు పోయి రబ్బరుది వచ్చింది.